చల్లదనపు యంత్రం కథ – అది ఆగిన వేళ మన కర్తవ్యం

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అనేవారు. ఆ మాట పుట్టిన నాటికి మన ఊళ్ళలో కరెంటు లేదు, ఫ్యాను లేదు. ఈనాడు మన సభ్యులలో చాలామంది ఇళ్ళలో కనీసం ఒక పడకగదిలోనైనా ఏ.సి. ఉంది. పదవీ విరమణ సొమ్ములో కొంత పెట్టి కొనుక్కున్నవారు కొందరు. ఎండలకు అమ్మా నాన్నా ఇబ్బంది పడతారని పిల్లలు పంపిన డబ్బుతో పెట్టించుకున్నవారు మరికొందరు. కానీ ఒక సంగతి అందరికీ అనుభవంలో ఉన్నదే. మార్చి నెలలో చక్కగా పనిచేసిన యంత్రం మే నెలలో, సరిగ్గా ఎండ 44, 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నమే చల్లదనం ఇవ్వడం మానేస్తుంది. మెకానిక్కుకు ఫోను చేస్తే తన చేతిలో ఇంకా పది ఇళ్ళున్నాయని, రేపు వస్తానని అంటాడు.

ఆ "రేపు" వచ్చేలోగా ఏం చేయాలన్నదే మన వయసువారికి అసలు ప్రశ్న. దీనికి జవాబు యంత్రం చరిత్రలోనే ఉంది. అది ఎక్కడ పుట్టిందో, ఎలా పనిచేస్తుందో, ఎందుకు అలసిపోతుందో తెలిస్తే దానిమీద ఎంతవరకు ఆధారపడవచ్చో కూడా తెలుస్తుంది. అందుకే ఈ ప్రత్యేక సంచికలో ఆ కథను నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాను.

తడికలు, పంకాలు

వేడి నుంచి తప్పించుకునే తొలి ఉపాయం నీరే. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటుంది. మట్టికుండలో నీళ్ళు చల్లగా ఉండడానికీ, తడిగుడ్డ కప్పుకుంటే హాయిగా ఉండడానికీ కారణం ఇదే. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రచించిన 'అయినీ అక్బరీ'లో వట్టివేళ్ళతో కట్టి నీళ్ళు చల్లే చల్లని గదుల ప్రస్తావన ఉంది. సురేకారం కలిపిన నీటిలో పాత్రను తిప్పి తాగే నీటిని చల్లబరచే పద్ధతి కూడా ఉంది.

ఇంగ్లీషు దొరల కచేరీలలో, బంగళాలలో ఈ వట్టివేళ్ళ తడికలకు తోడు పంకాలు వచ్చాయి. పైకప్పుకు వేలాడే వెడల్పాటి గుడ్డ పంకాను వరండాలో కూర్చున్న మనిషి తాడుతో లాగేవాడు. దొరకు గాలి, బంట్రోతుకు చెమట. ఆ రోజుల్లో చల్లదనం ఆగిపోయిందంటే పంకా లాగేవాడు కునుకు తీశాడని అర్థం.

సామాన్యుల ఇళ్ళకు వేరే ఏర్పాట్లు ఉండేవి. మందమైన మట్టిగోడలు, ఎత్తయిన పెంకుల కప్పు, మధ్యలో మండువా, ముందు వసారా, ఎండాకాలం వాకిట్లో తాటాకు పందిరి, రాత్రి ఆరుబయట నులకమంచం. ఇందులో తిరిగే చక్రం లేదు కనుక చెడిపోయేదేమీ లేదు. అలాగని పూర్వం అంతా సుఖమే అనుకోవడం పొరపాటు. వడదెబ్బ మరణాలు అప్పుడూ ఉన్నాయి, లెక్క రాసేవారు లేరంతే.

తరువాత వచ్చిన ఎయిర్ కూలరు ఆ తడికకే యంత్రరూపం. పొడి ఎండలుండే తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో అది బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖపట్నం, మచిలీపట్నం వంటి కోస్తా పట్టణాల్లో అంత పనిచేయదు. అప్పటికే తడిగా ఉన్న గాలిలోకి నీరు సులువుగా ఆవిరి కాదు కనుక ఉక్కపోత మిగులుతుంది.

ఓడల్లో వచ్చిన మంచు

రెండో ఉపాయం మంచు. అమెరికాలోని బోస్టన్ నగర వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మంచును కోయించి, రంపపుపొట్టులో కప్పి, ఓడలకెక్కించి వేడిదేశాలకు అమ్మేవాడు. 1833లో ఆయన కలకత్తాకు పంపిన ఓడలో సుమారు 180 టన్నుల మంచు ఉంది. నాలుగు నెలల ప్రయాణం తరువాత కూడా అందులో సుమారు 100 టన్నులు కరగకుండా మిగిలింది. మద్రాసులో ఆ మంచును నిలువచేయడానికి సముద్రతీరాన 1842లో కట్టిన భవనమే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానంద విదేశాల నుంచి తిరిగివచ్చి బస చేసినది అందులోనే. నేడు దాని పేరు వివేకానంద ఇల్లం. మెరీనా తీరానికి వెళ్ళిన మన సభ్యులు ఆ గుండ్రటి భవనాన్ని చూసే ఉంటారు.

ఆ మంచు మన నిత్యవ్యవహారంలో ఒక మాటను వదలి వెళ్ళింది. ఏ.సి. కొనేటప్పుడు "ఒక టన్నా, ఒకటిన్నర టన్నా" అని అడుగుతాం. అది యంత్రం బరువు కాదు. 2,000 పౌన్ల మంచు, అనగా సుమారు 907 కిలోలు, 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత పని అని అర్థం. లెక్కలో చెప్పాలంటే ఒక టన్ను సుమారు మూడున్నర కిలోవాట్లు. మన రైల్వే మిత్రులకు ఇంకొక సంగతి గుర్తుండవచ్చు. 1930లలో ఫ్రాంటియర్ మెయిలులో మొదటి తరగతి పెట్టెను చల్లబరచింది కూడా నేల కింద పేర్చిన మంచుదిమ్మలే.

మంచు ఓడ రాకపోతే ఏమిటి గతి? ఆ ప్రశ్నే యంత్రానికి దారితీసింది. ఫ్లోరిడాలోని అపలాచికోలా రేవులో డాక్టర్ జాన్ గోరీ జ్వరపీడితుల గదుల్లో పైనుంచి మంచు పాత్రలు వేలాడదీసి వారికి ఉపశమనం కలిగించేవాడు. దూరం నుంచి వచ్చే మంచును నమ్ముకోలేక తానే మంచు తయారుచేసే యంత్రాన్ని నిర్మించి 1851లో పేటెంటు పొందాడు. దానికి పెట్టుబడి పెట్టేవారు దొరకక 1855లో నిరాశతోనే కన్నుమూశాడు. రోగుల కోసం మొదలైన ప్రయత్నమిది. ఈ సంగతిని మనం మరువరాదు.

వేడిని తోడే యంత్రం

1852లో విలియం థామ్సన్, తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త, ఒక ముఖ్యమైన విషయం చెప్పాడు. ఒకే రకం యంత్రంతో భవనాన్ని చల్లబరచనూ వచ్చు, వేడి చేయనూ వచ్చు. వేడిని పుట్టించనక్కరలేదు, ఒకచోటి నుంచి మరొకచోటికి తరలిస్తే చాలు. దీనినే నేడు హీట్ పంప్ అంటున్నారు. అమెరికాలో మన పిల్లల ఇళ్ళలో వేసవిలో చల్లగాలి, శీతాకాలంలో వెచ్చగాలి ఒకే యంత్రం నుంచి వచ్చేది ఇందువల్లే. మన గోడకున్న స్ప్లిట్ ఏ.సి. కూడా ఆ జాతిదే. మనది చాలావరకు ఒకవైపే పనిచేస్తుంది, అంతే తేడా.

1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుయంత్రశాలకు విల్లిస్ కారియర్ రూపొందించిన ఏర్పాటును ఆధునిక ఎయిర్ కండిషనింగుకు ఆరంభమంటారు. గాలిలో తేమకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడకపోవడమే అక్కడి సమస్య. అంటే తొలి ఏ.సి. చల్లబరచింది కాగితాన్ని, మనిషిని కాదు. పాతయంత్రాల్లో వాడిన అమోనియా వంటి వాయువులు కారితే ప్రాణాపాయం. 1928లో అమెరికాలో వాటికి బదులుగా విషం కాని, మంటపట్టని క్లోరోఫ్లోరోకార్బన్లు కనుగొన్నారు. దానితో యంత్రం నిర్భయంగా ఇంట్లోకి వచ్చింది. ఆ వాయువులే ఓజోను పొరను దెబ్బతీస్తున్నాయని తెలిసి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన పాత ఏ.సి.ల ఆర్-22 గ్యాసు పోయి ఆర్-32 వంటివి రావడం ఆ మార్పుల ఫలితమే.

ఎండ ముదిరితే ఎందుకు ఆగుతుంది?

ఈ యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి మన ఊరి నూతిని తలచుకుంటే చాలు. చేదతో నీళ్ళు తోడినట్లు ఏ.సి. గదిలోని వేడిని తోడి బయట పారబోస్తుంది. నీళ్ళు పైకి ఉన్నప్పుడు తోడడం తేలిక. వేసవిలో నీటిమట్టం దిగిపోతే అదే చేద, అదే చాంతాడు, కానీ చేతులు పడిపోతాయి. గదిలో 26, బయట 32 డిగ్రీలుంటే యంత్రానికి లోతు తక్కువ. బయట 45 డిగ్రీలైతే అదే వేడిని ఎంతో పైకి ఎత్తిపోయాలి. కంప్రెసరులో ఒత్తిడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, తోడే వేడి మాత్రం తగ్గుతుంది. అదే సమయంలో ఎండకు కాలిన శ్లాబు నుంచి గదిలోకి వచ్చే వేడి పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం లాంటిదే ఇది. పింఛనుదారులకు వేరే వివరించనక్కరలేదు.

యంత్రం శక్తిని కొలిచే సాధారణ ప్రమాణ పరీక్ష బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉన్నట్లు జరుగుతుంది. వేడిదేశాల కోసం 46 డిగ్రీల పరీక్ష వేరే ఉంది. కనుక ఒకటిన్నర టన్ను అని రాసి ఉన్నా, రామగుండంలోనో రెంటచింతలలోనో మే మధ్యాహ్నం అంత పని దానినుంచి రాదు. పైగా అపార్టుమెంట్లలో బయటి యూనిట్లను ఇరుకు సందులో ఒకదానిపై ఒకటి బిగిస్తారు. ఒకటి విడిచిన వేడిగాలినే ఇంకొకటి పీల్చుకుంటుంది. పేపరులో 44 అని వేసినా ఆ సందులో వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. దానికి తోడు అందరూ ఒకేసారి ఏ.సి.లు వేయడంతో వోల్టేజి పడిపోతుంది. అప్పుడు స్టెబిలైజరు కరెంటు ఆపేస్తుంది, లేదా కంప్రెసరు కాలిపోకుండా లోపలి రక్షణ స్విచ్చి దానిని ఆపుతుంది. లోపలి ఫ్యాను మాత్రం తిరుగుతూ మామూలు గాలి విసురుతుంది. మనకు యంత్రం పనిచేస్తున్నట్లే కనిపిస్తుంది. ఇదే ప్రమాదకరమైన స్థితి.

మూసిన తలుపుల వెనుక

1995 జూలైలో అమెరికాలోని చికాగో నగరంలో ఎండ 41 డిగ్రీలు దాటింది. కరెంటు వాడకం పెరిగి కొన్ని ప్రాంతాల్లో సరఫరా ఆగింది. ఆ కొద్దిరోజుల్లో మామూలుకంటే 739 మంది ఎక్కువగా మరణించారు. వారిలో అధికులు వృద్ధులు, ఒంటరిగా ఉండేవారు. దొంగల భయంతో కిటికీలు కూడా తెరవని గదుల్లో పోయినవారు ఎందరో. ఆ తరువాత 1999లో మళ్ళీ తీవ్రమైన ఎండలు వచ్చినప్పుడు నగరపాలకులు వృద్ధుల ఇళ్ళకు మనుషులను పంపి, ఫోన్లు చేయించారు. మరణాలు చాలా తగ్గాయి.

2021 జూన్ 29న కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్ళో 49.6 డిగ్రీలు నమోదైంది. చలిదేశమని పేరుపడిన ఆ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 619 మంది ఎండకు బలయ్యారు. నూటికి 98 మంది ఇళ్ళలోపలే పోయారు. సగానికి పైగా ఒంటరిగా ఉన్నవారు. ఎక్కువమంది 70 ఏళ్ళు పైబడినవారు.

మన సంగతి చూద్దాం. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపీ వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు మరణించినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. మన దగ్గర ఎండలో పనిచేసే కూలీల కష్టం మొదటిది. దానిని ఎన్నడూ తక్కువ చేయరాదు. అయితే మన సభ్యుల పరిస్థితి నానాటికీ చికాగో వృద్ధుల పరిస్థితిని పోలి వస్తున్నది. పిల్లలు దూరదేశాల్లో, ఇద్దరమే లేదా ఒక్కరమే, మూడో అంతస్తు, చల్లదనం పోకుండా బిగించిన తలుపులు. మండువా ఇంట్లో పెద్దాయన సొమ్మసిల్లితే పదిమంది చూసేవారు. ఏ.సి. గదిలో సొమ్మసిల్లితే సాయంత్రం వరకు ఎవరికీ తెలియదు.

ఆగినపుడు ఏం చేయాలి?

మొదట యంత్రం సంగతి. రిమోటులో కూల్ అని ఉందో ఫ్యాన్ అని ఉందో చూడాలి. స్టెబిలైజరులో వోల్టేజి చూడాలి. ఎం.సి.బి. పడి ఉంటే ఒక్కసారి మాత్రమే వేసి చూడాలి, మళ్ళీ పడితే వదిలేయాలి. గాలి వస్తూ చల్లదనం లేకపోతే ఏ.సి.ని పూర్తిగా ఆపి అరగంట చల్లారనివ్వాలి. ఆ వ్యవధిలో ఫిల్టరు తీసి దుమ్ము కడిగి ఆరబెట్టవచ్చు. తిరిగి వేసినప్పుడు 26, 27 డిగ్రీల దగ్గర పెట్టాలి. 16లో పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. దానివల్ల యంత్రానికి విశ్రాంతి లేకుండా పోతుంది, అంతే. లోపలి గొట్టాలమీద మంచు కట్టి ఉంటే గోకకుండా, కరిగేవరకు ఫ్యాన్ మీదనే నడపాలి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. బయటి యూనిట్టు కోసం సజ్జా మీదికి ఎక్కవద్దు. మూత విప్పవద్దు. లోపలి కెపాసిటరులో కరెంటు తీసినా కొంతసేపు విద్యుత్తు నిలువ ఉంటుంది. "గ్యాసు అయిపోయింది" అని మెకానిక్కు అంటే ముందు ఎక్కడ కారుతున్నదో చూపమనండి. గ్యాసు వంటగ్యాసులా ఖర్చయ్యేది కాదు, గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. కారడం ఆపకుండా నింపితే డబ్బు గాలిలో కలిసినట్లే. ఇవన్నీ ఏప్రిల్ మొదటివారంలోనే సర్వీసు చేయించుకుంటే చాలావరకు తప్పుతాయి.

అరగంట తరువాత కూడా చల్లబడకపోతే యంత్రాన్ని వదిలి మనిషి సంగతి చూడాలి. నా మనవిలో ముఖ్యభాగం ఇదే. మెకానిక్కు కోసం ఎదురుచూస్తూ ఆ గదిలోనే కూర్చోవద్దు. కింది అంతస్తుకో, పక్కింటికో, దగ్గరలోని చల్లని చోటుకో వెళ్ళాలి. "వారిని ఎందుకు ఇబ్బంది పెట్టడం" అన్న మొహమాటం మన తరానికి ఎక్కువ. ఎండ మొహమాటం ఎరుగదు. కదలలేని పరిస్థితి ఉంటే పడమటి కిటికీలకు తెర వేసి, పలుచని నూలుబట్టలు తడిపి కట్టుకుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకోవాలి. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే పొడి ఒంటికి ఫ్యాను గాలి వేడినే కొడుతుంది. ఒళ్ళు తడిగా ఉంటేనే మేలు. బయట లోపలికంటే చల్లబడిన తరువాత కిటికీలు తెరవాలి.

వయసు పైబడిన వారికి దాహం త్వరగా తెలియదు, చెమట తక్కువ పడుతుంది. కనుక దప్పిక కోసం చూడకుండా మజ్జిగ, నీళ్ళు కొద్దికొద్దిగా తాగుతుండాలి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎంత తాగవచ్చో, మూత్రం ఎక్కువగా వెళ్ళే మాత్రలు వేసవిలో ఎలా వాడాలో ముందే డాక్టరును అడిగి కాగితంమీద రాయించుకోవాలి. సొంతంగా మాత్రలు మానవద్దు. మాట తడబడడం, తికమక, ఒళ్ళు కాలిపోవడం, స్పృహ తప్పడం వడదెబ్బ లక్షణాలు. వెంటనే 108కి ఫోను చేసి, వాహనం వచ్చేలోగా ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరాలి. స్పృహలేనివారి నోట్లో నీళ్ళు పోయరాదు.

మన వంతు

దేశంలో అహ్మదాబాదు నగరం 2010 మే నెల ఎండల్లో జరిగిన ప్రాణనష్టం చూసి 2013లో వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. శ్లాబుకు తెల్లని పూత వేయడం మన పెద్దలు డాబాకు సున్నం కొట్టిన పద్ధతికి దగ్గరిదే. ఎవరి ఇంటికి వారు ఏప్రిల్‌లో చేయించుకోగల పని ఇది.

ఇక సంఘంగా చేయగలిగినది ఒకటుంది. ప్రతి కాలనీలో ఓపిక ఉన్న సభ్యులు ఇద్దరు, ఒంటరిగా ఉంటున్న సభ్యుల, కుటుంబ పింఛను పొందే సోదరీమణుల పేర్లు రాసుకుని, ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 వరకు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి ఫోను చేయాలి. ఫోను ఎత్తకపోతే వెళ్ళి తలుపు తట్టాలి. ఇంకొక తాళంచెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉంచుకోవాలి. దీనికి చందా అవసరం లేదు, తీర్మానం కూడా అవసరం లేదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో హాజరుపట్టీ ఎన్నడూ తప్పని వాళ్ళం. ఈ రెండు నెలలు ఒకరి హాజరు ఒకరం వేసుకుందాం.